చుక్కకు కుడిపక్క

లెక్కల మాస్టార్ల, టీచరమ్మల గణిత సభలో అధ్యక్షుడు ఆర్యభటుడి దగ్గర కాసేపు, రామానుజన్ దగ్గర కాసేపు ఆగి రావడం మన ఆచారం. ఈసారి ఆ యాత్ర మానేసి ఒక్క చుక్క దగ్గరే నిలబడతాను. ఆరో తరగతి పిల్లవాడు అంకెల మధ్య పెట్టే చుక్క అది. భిన్నాల్లో తడబడే పిల్లలను మొహం చూసి పట్టుకోవచ్చు. దశాంశాల్లో ఆ వీలు లేదు. చుక్క కింద చుక్క పెట్టి కూడేస్తారు, తీసేస్తారు, మార్కులూ వస్తాయి. లోపల ఏమీ ఎక్కలేదన్న సంగతి మనకూ తెలియదు, వాళ్లకూ తెలియదు.

సోమవారం బడికి వెళ్లాక బోర్డు మీద 0.45, 0.5 రాసి ఏది పెద్దదో అడగండి. చాలా చేతులు 0.45 వైపు లేస్తాయి. ఎందుకురా అంటే, "నలభై ఐదు పెద్దది గదా సార్" అంటారు. దాని కిందే 0.36, 0.3 రాయండి. ఇప్పుడు వాళ్లంతా సరిగ్గా చెబుతారు, అదే తప్పుడు కారణంతో. ఇంకో రకం పిల్లలూ ఉంటారు. కుడివైపు అంకెలు పెరిగేకొద్దీ ముక్కలు చిన్నవవుతాయని విన్నారు కాబట్టి, పొట్టి సంఖ్యే పెద్దదనుకుంటారు. వీళ్లు మొదటి ప్రశ్నకు సరిగ్గా చెప్పి, రెండో దాంట్లో 0.3 పెద్దదంటారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కే స్టేసీ, విక్కీ స్టైన్‌లీ పిల్లల జవాబులను ఇలాగే రకాలుగా విడదీసి చూశారు. అక్కడి పిల్లలదీ, మన తెలుగు పిల్లలదీ ఇక్కడ ఒకటే దారి. ఒక్క ప్రశ్న అడిగి వదిలేస్తే ఎవరికి ఏమి తెలుసో బయటపడదు. రెండూ పక్కపక్కన అడగాలి.

మొదటి రకం పిల్లల మనసులో చుక్క ఒక కంచె. ఎడమ పక్కది ఒక సంఖ్య, కుడి పక్కది ఇంకో సంఖ్య. ఇది మొద్దుతనం అంటే నేను ఒప్పుకోను. ఊళ్లో వాడు చూసే చుక్కలన్నీ అలాంటివే. బస్సు 10.30కి వస్తుంది. 5.11 ఎత్తున్న మనిషి 5.9 ఎత్తున్న వాడికంటే నిజంగానే పొడుగు. క్రికెట్‌లో 19.5 ఓవర్ల తర్వాత ఒక్క బంతి పడితే 20 ఓవర్లు. ఇవన్నీ చుక్క వేషం వేసుకున్న వేరే లెక్కలు: గంటకు అరవై నిమిషాలు, అడుగుకు పన్నెండు అంగుళాలు, ఓవరుకు ఆరు బంతులు. పదేళ్లు ఈ చుక్కలతో పెరిగిన పిల్లవాడికి మనం ఒక ఉదయం పూట వచ్చి, ఈ చుక్క వేరు నాయనా అని చెప్పకుండానే కొత్త చుక్క నేర్పుతున్నాం.

నేర్పేది కూడా దేనితో? రూపాయలు, పైసలతో. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారణాల లెక్క పోయి నూరు నయాపైసలు వచ్చినప్పుడు అది మంచి బోధనోపకరణమే. ఇవాళ? పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. మన క్లాసులో కూర్చున్న పిల్లలెవరూ పైసాను చేత్తో పట్టుకోలేదు. పైగా 12.50 అంటే పన్నెండు రూపాయల యాభై పైసలు అని చదివించడం ఆ కంచెను ఇంకాస్త ఎత్తు చేయడమే. 12.5 అని రాస్తే పిల్లవాడు పన్నెండు రూపాయల ఐదు పైసలు అంటాడు. వాడికి మనం నేర్పింది అదే.

మన జిల్లాలో ఇంతకంటే గట్టి సరుకు ఉంది. చేను. పల్నాడులో రైతు బిడ్డకు ఎకరాలు, సెంట్లు చెప్పనక్కర్లేదు. ఎకరానికి నూరు సెంట్లు. పాసుపుస్తకంలో 1.05 అంటే ఎకరం ఐదు సెంట్లు, 1.50 అంటే ఎకరంన్నర. 1.5 అని రాసి ఎంత అని అడిగి చూడండి. ఎకరం ఐదు సెంట్లు అన్నవాడు నలభై ఐదు సెంట్లు పోగొట్టుకున్నట్టే. మిర్చి చేల మధ్య పెరిగిన పిల్లవాడికి ఆ నష్టం ఎంతో మనం వివరించాల్సిన పని లేదు. 0.45, 0.5 దగ్గర రాని పట్టింపు ఇక్కడ వస్తుంది.

నాగార్జునసాగర్ దగ్గర కృష్ణ దాటి నల్గొండ జిల్లాలోకి వెళితే కథ మారుతుంది. అక్కడ ఎకరానికి నలభై గుంటలు. అక్కడి కాగితంలో 1.20 అంటే ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. ఇవతల ఒడ్డున అదే 1.20 ఎకరం ఇరవై సెంట్లు. మాచర్ల వైపు పిల్లల్లో ఆ ఒడ్డున మేనమామలో, పెదనాన్నలో ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. "మా మామయ్యకు 4.30 ఉంది సార్" అని ఒకడు లేస్తే, ఆ రోజు పాఠం వాడిదే. అవతలి 4.30ని ఇవతలి లెక్కలోకి తెమ్మనండి. ముప్పై గుంటలు అంటే ముప్పావు ఎకరం, 4.75. ఒక చుక్క పదుల లెక్కలో నడుస్తుంది, ఇంకోటి నడవదు అన్నది ఏ నిర్వచనం కంటే బాగా అక్కడ దిగుతుంది.

సెంటు లెక్క పదుల్లో ఉండటం యాదృచ్ఛికం కాదు. ఎడ్మండ్ గంటర్ అనే గణితవేత్త 1620లో 66 అడుగుల పొడవున నూరు లింకులతో భూమి కొలిచే గొలుసు తయారు చేశాడు. పేరు విని గుంటూరు వాడనుకునేరు, ఇంగ్లండ్ వాడు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మన సర్వేయర్ల నోట లింకులన్న మాట వచ్చింది అక్కడి నుంచే. ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న నలుచదరం సరిగ్గా 0.1 ఎకరం. దాన్ని పది పట్టీలుగా చీలిస్తే ఒక్కో పట్టీ 0.01, అంటే ఒక సెంటు. ఒక పట్టీని అడ్డంగా పది ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 0.001. ఆ ముక్క 6.6 అడుగుల నలుచదరం. ఒక నులకమంచం సుఖంగా పడుతుంది.

బడి ఆవరణలో అంత చోటుంటే తాడు, టేపు, పిడుగురాళ్ల సున్నం చాలు. గురజాల వైపు ఒక ఊళ్లో ఒక టీచరమ్మ ఇది చేయించింది. పిల్లలు 66 అడుగుల నలుచదరం గీశారు. పట్టీ వెడల్పు 6.6 అడుగులు అని ఆమె బోర్డు మీద రాసి వచ్చింది, అంతకు మించి ఏమీ చెప్పలేదు. పిల్లలు టేపు మీద ఆరడుగుల ఆరంగుళాలు పెట్టి గీత గీశారు, జరిగారు, మళ్లీ గీశారు. పదో పట్టీ అయ్యేసరికి అవతల ఒక అడుగు మిగిలింది. తాడు సాగిందన్నాడు ఒకడు. సున్నం గీత మందంగా ఉందంది ఒక అమ్మాయి. మళ్లీ కొలిచారు, మళ్లీ అడుగే. అప్పుడు ఆమె టేపు తెచ్చి అడుగును పది భాగాలు చేస్తే ఆరు భాగాలు ఎక్కడికి వస్తాయో చూడమంది. ఏడంగుళాలు దాటి ఇంకాస్త, ఏడు పాయింట్ రెండు. ఆరడుగుల ఆరంగుళాలు అన్నది 6.5 అడుగులని, పట్టీ పట్టీకీ పదో వంతు అడుగు తగ్గుతూ వచ్చిందని, పది పట్టీలకు అది అడుగైందని వాళ్లే లెక్క తేల్చారు. ఆ అడుగు కోసం పిల్లలు పోట్లాడుకున్నంత సేపు ఏ అభ్యాసం మీదా పోట్లాడుకోరు.

మూడో స్థానం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రూపాయలతో నేర్చినవాడు రెండంకెల దగ్గర ఆగిపోతాడు. పైసా తర్వాత ఏమీ లేదు కదా. పాసుపుస్తకమూ అతన్ని సెంటు దగ్గరే ఆపేస్తుంది. సున్నం గీసిన నేల మీదైతే సెంటులో పదో వంతు కళ్ల ముందు ఉంటుంది. గొలుసు పొడవును ఒకటి అనుకుని, 0.3కీ 0.4కీ మధ్య ఏమీ లేదనే పిల్లవాణ్ణి మూడో గీత మీద నిలబెట్టి నాలుగో గీత దాకా నడవమనండి. మధ్యలో అడుగు ఎక్కడ పడిందో చూపించమనండి.

కుడిపక్కది చిల్లర అనే భావం కూడా పోవాలి. వానాకాలంలో పేపర్లలో రోజూ చూస్తాం: సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, నిల్వ 312.0450 టీఎంసీలు. టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. ఆ చుక్క తర్వాత సున్నాతో మొదలైన అంకెల విలువ నాలుగున్నర కోట్ల ఘనపుటడుగుల నీళ్లు, దాదాపు 127 కోట్ల లీటర్లు. మొదటి సున్నా తీసేస్తే ఎన్ని నీళ్లు పెరుగుతాయి, చివరి సున్నా తీసేస్తే ఎన్ని తగ్గుతాయి? ఈ రెండు ప్రశ్నలు తొమ్మిదో తరగతిలోనూ అడగదగ్గవే. నీటిమట్టం 589.50 అంటే 589 అడుగుల ఆరంగుళాలు, యాభై అంగుళాలు కాదు. ఈ పొరపాటు పెద్దలూ చేస్తారు.

ఇక చరిత్ర, కొంచెమే. మన కరణాలు పాత లెక్కల్లో పావుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముప్పావుకు మూడు పెట్టేవారు. దాని తర్వాత పావులో పావైన వీసానికి ఒక అడ్డగీత, రెండు వీసాలకు రెండు, మూడింటికి మూడు. నిలువు, అడ్డం, మళ్లీ నిలువు, ప్రతిసారీ నాలుగో వంతుకు తగ్గుతూ పోయే స్థానాలు. కుడివైపు స్థానాలు పెట్టుకోవడం మన నేలకు కొత్త కాదు, పదుల్లో కాకుండా నాలుగుల్లో పెట్టుకున్నాం. పదకొండో శతాబ్దంలో మహావీరాచార్యుడి గణితాన్ని పద్యాల్లో తెలుగు చేసిన పావులూరి మల్లనలోనూ భిన్నాలు విస్తారం. భారతీయ అంకెల మీద రాసిన పుస్తకంలోనే డమాస్కస్‌లో అల్ ఉక్లీదిసీ 952 ప్రాంతంలో దశాంశాలు వాడాడు. 1585లో సైమన్ స్టెవిన్ చిన్న పుస్తకం రాసి వాటిని యూరప్‌లో వాడుకలోకి తెచ్చాడు. దాన్ని అంకితమిచ్చిన వారిలో భూమి కొలిచేవాళ్లూ ఉన్నారు. సర్వేయరు గొలుసుతో దశాంశాలు నేర్పమంటే కొత్త ప్రయోగమేదో చెబుతున్నానని అనుకోవద్దు.

గుణకారం గురించి ఒక్క మాట. "అంకెలు లెక్కపెట్టి చుక్క పెట్టు" అన్న సూత్రం నేర్పేస్తున్నాం. 0.5 × 0.5 = 0.25 వచ్చిందని చూసి, హెచ్చవేస్తే తగ్గిందేమిటని పిల్లవాడు అడగడు. అడగడం మానేసి చాలాకాలమైంది. ఇంట్లో అమ్మ అరకిలో పప్పులో సగం పొయ్యమంటే పావుకిలో అని వాడికి బాగా తెలుసు. కిరాణా కొట్టులో తూకం యంత్రం మీద 0.250 అని చూశాడు కూడా. అరలో అర పావు. ఆ ముక్క వాడి నోటితోనే అనిపించాక సూత్రం చెప్పండి, ముందు వద్దు.

చదివించే తీరు కూడా మార్చుకుందాం. 0.45ను "సున్నా పాయింట్ నలభై ఐదు" అని మనమే చదివి, వాడు నలభై ఐదు పెద్దదన్నప్పుడు కోప్పడటం న్యాయం కాదు. నాలుగు పదో వంతులు, ఐదు నూరో వంతులు అని కనీసం మొదటి నెలంతా చదివించండి. నోరు తిరగదంటారా? ఎక్కాలు మాత్రం మొదట్లో తిరిగాయా!

మధ్యాహ్నం బృంద సమావేశంలో మండలాల వారీగా కూర్చుంటారు. మీ మీ ఊళ్లలో కనబడే చుక్కలన్నీ రాసుకురండి. పాలకేంద్రం చీటీ మీది వెన్నశాతం, పత్తి తేమ చూసే మీటరు, మోటారు బిల్లు, పెట్రోలు బంకు, స్కోరుబోర్డు, పెళ్లిపత్రికలో ముహూర్తం. ఏది పదుల చుక్క, ఏది కాదు అని రెండు గళ్లలో రాయండి. కొన్నింటి దగ్గర మీలో మీకే తేడాలు వస్తాయి. వాటిని కొట్టేయకుండా ప్రశ్నార్థకం పెట్టి ఉంచండి, పిల్లల దగ్గరికి తీసుకెళ్లదగ్గవి అవే.

మొదటి పత్రం భిన్నాల మీద ఉంది. భిన్నాలు ముందా, దశాంశాలు ముందా అన్న వాదన అందులో తప్పకుండా వస్తుంది. పావు, అర, ముప్పావు ఇంటి నుంచే తెచ్చుకున్న పిల్లలకు ఆ రెండింటినీ విడదీసి నేర్పాల్సిన అవసరం లేదన్నది నా అభిప్రాయం. పత్ర సమర్పకులు నాతో ఏకీభవించరని విన్నాను. వారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.