మంచము ప్రక్కనున్న మనిషి



మన పెద్దాపురములో ఎవరియింటనైన ముసలమ్మ జారిపడి తుంటి విరుగగొట్టుకొన్న దనినచో, పాండవులమెట్ట మొదలు మరిడమ్మ గుడివరకు నున్న చుట్టములెల్ల పరామర్శకు వత్తురు. "ఎట్లున్నదమ్మా?" అని మంచముమీది యామె నడుగుదురు. మంచము ప్రక్క నిలిచి విసనకఱ్ఱ వీచుచున్న కోడలిని "నీ వెట్లున్నావమ్మా?" అని అడుగువారు అరుదు. నే డా కోడలినిగూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

విరిగిన యెముకను కట్టినవారికి పేరు దక్కినది. రాయలసీమలోని పుత్తూరు, ఊరిపేరే కట్టునకు పేరుగా నిచ్చినది. 1852లో హాలెండుదేశపు సైనికవైద్యుడు మాథైసన్ గుడ్డపట్టీలకు ప్యారిస్ ప్లాస్టరు పట్టించి గట్టికట్టు కట్టుటను ప్రచారములోనికి తెచ్చెను. 1962లో ఇంగ్లండున జాన్ చార్న్లీ అరిగిన తుంటికీలునకు మారుగా కృత్రిమపు కీలు నమర్చు పద్ధతిని నిలుకడకు తెచ్చెను. వైద్యుని చేతిపని కొన్ని గంటలలో ముగియును. ఆ పిమ్మటి పని నెలల తరబడి సాగును. అది యింటివారిది.

ఒక నేతగాని యిల్లు తలచుకొనుడు. కాకినాడలో శస్త్రచికిత్స జరిగి అత్తగా రిల్లు చేరినది. ఆమె తనంత తాను ఒత్తిగిలలేదు. ఒకేరీతిని పడియున్నచో వీపున పుండ్లు పడును గనుక రమారమి రెండేసి గంటలకు ప్రక్క మార్చవలెను, రాత్రియు నంతే. రొమ్మున కఫము చేరకుండ కూర్చుండబెట్టవలెను. మలమూత్రములు, స్నానము, మందులు ఉండనే యున్నవి. బాధ కోర్వలేక రోగి కసరుకొనును. ఆ మాటయు పడవలెను. ఈ నడుమ మగ్గము కుంటుపడును. మగ్గముమీద మగవాడు కూర్చున్నను, కండెలు చుట్టునది ఇల్లాలు. ఆమె చేతులు మంచమునకు అంకితమైనప్పుడు నాడె ఆడదు. రాబడి తగ్గిన దినములలోనే ఖర్చు పెరుగును. ఎత్తి, దింపి, వంగి, కొన్నాళ్లకు కోడలి నడుమే పట్టుకొనును. అప్పుడు ఆ యింట రోగు లిద్దరు.

ఈ భారము కొలతకు వచ్చునదే. 1980లో అమెరికాలో స్టీవెన్ జారిట్ అను పండితుడును అతని సహచరులును, మతి తప్పిన వృద్ధులను సాకు బంధువుల భారమును కొలుచుటకు ఒక ప్రశ్నావళి కూర్చిరి. పిమ్మట ఇతర రోగముల విషయమునను దానిని వాడుచున్నారు. నీకై నీకు కాలము మిగులుచున్నదా, నీ యారోగ్యము చెడినదా అని అడుగుటయే అందలి సారము. ఆ ప్రశ్నలు మన యింట మనమే అడుగవచ్చును.

ఇక చేయదగిన వేవి? ఆసుపత్రి వదలకముందే, రోగిని ఎట్లు లేపవలెనో, విరిగిన కాలిపై ఎప్పుడు బరువు మోపవచ్చునో నర్సునో వైద్యునో అడిగి చూచి నేర్చుకొనవలెను. లేపునప్పుడు నడుము వంచక మోకాళ్లు వంచి, రోగిని మేనికి దగ్గరగా పట్టుకొనవలెను. నడుము క్రింద మడతదుప్పటి పరచి ఇరువైపుల నిద్దరు పట్టినచో ప్రక్క మార్చుట తేలిక. ఒక్కతెయే ఎత్తరాదు. కొడుకులును కూతుళ్లును రాత్రులు వంతులు వేసికొనవలెను. తల్లి ఒక్క కోడలికే తల్లి కాదుగదా! పరామర్శకు వచ్చువారు పండ్లతోపాటు రెండు గంటల కాలమును తెచ్చి, ఆమెను నిద్రపోనిండు. "అలసితిని" అని కోడలు నోరు తెరచి చెప్పినచో దానిని తప్పుగా నెన్నకుడు.

ఆషాఢమాసమున మరిడమ్మ జాతరకు ఊరంతయు కదలును. ఆ రాత్రియు ఆమె మంచము ప్రక్కనే యుండును. మీలో ఒక్కరు వెళ్లి అచ్చట కూర్చుండి, "అమ్మాయీ, నేనున్నాను, నీవు పోయి అమ్మవారిని చూచి రమ్ము" అనుడు. అత్తగారి కాలు బాగుపడువరకు కోడలి నడుము నిలువవలెనన్నచో, ఆ మాట ఆమెకు మందువంటిది.