ఇంటికొచ్చిన సూపర్‌మ్యాన్ – బొమ్మా, మాటా

(హాలియాలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి చెప్పవలసినవారు చెప్పారు. నన్ను కార్యదర్శిగారు "ఇంట్లో పనికొచ్చే సంగతి ఏదన్నా చెప్పండి" అన్నారు. ఉద్యోగమంతా కరెంటు పనిలో గడిచినవాణ్ణి కనుక, మన ఇళ్లల్లో రోజూ మోగే పెట్టె గురించే చెబుతాను. ఇందులో నేను చేసిన పొరపాటు కూడా ఒకటుంది. అది దాచను.

1980లో ఎన్.టి.రామారావుగారి 'సూపర్‌మేన్' వచ్చింది. జయప్రద కథానాయిక, వి.మధుసూదనరావుగారు దర్శకులు. 1978లో వచ్చిన అమెరికా సూపర్‌మ్యాన్ వేరే గ్రహంలో పుట్టినవాడు. మనవాడికి ఆ తిప్పలు లేవు, ఆంజనేయస్వామి దయవల్ల బలం వచ్చింది. ఆ సినిమాను నేను హాల్లో చూడలేదు, వీడియోలో చూశాను. 1982లో రంగుల దూరదర్శన్ వచ్చాక, ఎనభైల మధ్యలో ఊళ్లల్లో ఒక పద్ధతి ఉండేది. మీకందరికీ గుర్తే. పెళ్లికో, వినాయక నవరాత్రులకో మిర్యాలగూడ నుంచి రంగుల టీవీని, వీసీఆర్‌ను కిరాయికి తెచ్చి, తెల్లవార్లూ మూడు సినిమాలు వేసేవారు. వోల్టేజి తగ్గితే బొమ్మ నాలుగు పక్కలా ముడుచుకునేది. స్టెబిలైజరు టకటకమనేది. నేనున్నాను గదా అని నన్ను పిలిచేవారు. ఆ వంకతో నాకు ముందు వరసలో చోటు దొరికేది.

ఆ బొమ్మ ఎట్లా ఉండేదో చెబుతాను. వీహెచ్‌ఎస్ క్యాసెట్టు అడ్డంగా ఇంచుమించు 240 గీతలకు మించి విడివిడిగా చూపలేదు. రంగు సంగతి ఇంకా తక్కువ. అందులోనూ ఎరుపు మరీ మొండిది. ఎర్రటి బట్ట కట్టుకున్న మనిషి కదిలితే ఆ ఎరుపు అంచు దాటి పక్కకు కారేది. సూపర్‌మ్యాన్ కథల్లో ఎరుపు ఎక్కువ కాబట్టి ఆ అవస్థ చూసి తీరవలసిందే. పైగా మనకు దొరికేది అసలు క్యాసెట్టు కాదు, కాపీకి కాపీ. ఒక్కో కాపీకి బొమ్మ మరికాస్త మసకబారేది. కింద తెల్లటి గీతలు వస్తే ట్రాకింగ్ బిరడా తిప్పేవాళ్లం. అప్పటికీ కుదరకపోతే స్పిరిటులో దూది ముంచి హెడ్డు తుడిచేవాళ్లం.

ఇంకో విచిత్రం ఉంది. సినిమా సెకనుకు 24 బొమ్మలతో తీస్తారు. మన దేశంలో అప్పట్లో టీవీ పాల్ పద్ధతి, సెకనుకు 25. సినిమాను ఆ లెక్కలో ఎక్కించాలంటే సులువైన దారి కాస్త వేగంగా నడిపించడమే. అంటే నూటికి నాలుగు వంతుల వేగం ఎక్కువ. 184 నిమిషాల 'మాయాబజార్' అట్లా ఎక్కిస్తే 177 నిమిషాల్లో అయిపోతుంది. గొంతులు కూడా అరస్వరానికి కాస్త తక్కువగా పైకి పోతాయి. ఘంటసాలగారి పాట హాల్లో ఒక శ్రుతిలో, ఇంట్లో మరో శ్రుతిలో వినబడ్డట్టు ఎవరికైనా అనిపించి ఉంటే అది భ్రమ కాకపోవచ్చు.

వెడల్పు తెర సినిమాలకు జరిగిన అన్యాయం వేరు. మన మొదటి తెలుగు సినిమాస్కోపు 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. అటువంటి సినిమాను పాత టీవీ తెర నిండా చూపాలంటే రెండు పక్కలా కలిపి నూటికి నలభైకి పైగా బొమ్మ కోసెయ్యాలి. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుతుంటే మనకు కనబడేది రెండు ముక్కులు, మధ్యన గోడ.

అయితే అయ్యా, ఇంత అధ్వాన్నమైన బొమ్మలోనూ రామారావుగారు పలికిన ప్రతి మాటా మాకు వినబడింది. ఇక్కడే నేను చెప్పదలచిన విషయం ఉంది. క్యాసెట్టులో మాట ఉండేది టేపు అంచున సన్నని పట్టీ మీద. ఆ టేపు నడిచే వేగం పాటల క్యాసెట్టు వేగంలో సగం. అంత బీద ఏర్పాటులోనూ మాట తెలియడానికి కారణం, ఆనాటి సినిమా శబ్దమంతా ఒకే దారిన రావడం. సంగీతం తగ్గించి, మాటను పైన ఉంచి కలిపేవారు. టీవీకి ముందువైపే స్పీకరు ఉండేది. ఉన్నదంతా ఎదురుగా మన చెవికి తగిలేది.

తరవాత వీసీడీలు వచ్చాయి. ఒక సినిమాకు రెండు మూడు బిళ్లలు, గట్టిగా కదిలితే బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయేది. డీవీడీ వచ్చాక బొమ్మ తేటపడింది, శబ్దం ఆరు దారులైంది. ఆ ఆరు దారుల మోజులో పాత సినిమాలనూ తిరగరాశారు. అమెరికా సూపర్‌మ్యాన్‌ను 2001లో డీవీడీగా తెచ్చినప్పుడు అసలులో లేని కొత్త శబ్దాలు చేర్చారని అభిమానులు గోలపెట్టారు. మన 'మాయాబజార్'కు 2010 జనవరి 30న రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌లోకి మార్చి, బొమ్మను స్కోపు తెరకు సరిపెట్టి విడుదల చేశారు. ఘటోత్కచుణ్ణి రంగుల్లో చూసి నేనూ సంతోషించాను. కానీ మార్కస్ బార్‌ట్లే నలుపు తెలుపుల్లో పట్టిన వెన్నెలకు రంగెందుకని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక నా పొరపాటు.

2024 సంక్రాంతికి 'హనుమాన్' వచ్చింది. ప్రశాంత్ వర్మ దర్శకుడు, తేజ సజ్జ హీరో. ఇందులోనూ బలం ఆంజనేయస్వామిదే. మార్చిలో ఓటీటీలో పెట్టారు. మనవడు సెలవులకు వచ్చి, గోడంత టీవీ మీద వేశాడు. బొమ్మ అద్దంలో చూసినట్టుంది. అడవిలో ఆకు ఆకూ లెక్కబెట్టవచ్చు. అరగంట కాగానే మా ఇంటావిడ "ఏమంటున్నరో సమజైతలేదు" అని లేవబోయింది. సౌండు పెంచాం. పోట్లాట వచ్చేసరికి పక్కింటివాళ్లు కిటికీలోంచి చూశారు. తగ్గించాం. మళ్లీ మాట లేదు. అందులో కోతికి రవితేజ గొంతిచ్చాడు. మనవడు పడీపడీ నవ్వుతున్నాడు. ఆవిడేమో నా ముఖం చూస్తోంది. "నాకు వినబడతలేదా? నువ్వు మనసుపెట్టి వింటలేవు" అన్నాను, నలుగురి ముందర. ఆవిడ లేచి అరుగు మీద కూర్చుంది. ఆ తరవాత ఎన్నో నెలలు మాతో కలిసి సినిమా చూడలేదు. అడిగితే "నాకు చెవుడొచ్చింది, మీరు చూసుకోండి" అనేది.

ఒకరోజు కంట్లో మందు వేసుకుని, కళ్లు మూసుకుని పడుకున్నాను. అదే టీవీలో అదే సినిమా నడుస్తోంది. నాకు సగం మాటలు అర్థం కాలేదు! అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ నేను వినలేదు, కింద ఇంగ్లీషులో పడుతున్న అక్షరాలు చదువుతున్నాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు. వినబడనిది ఇద్దరికీ. మాట పడింది ఆవిడ ఒక్కతే.

సంగతేమిటంటే, సినిమా హాల్లో తెర వెనుక మధ్యలో ఒక పెద్ద స్పీకరు ఉంటుంది. తెరకున్న సన్నని చిల్లుల్లోంచి మాట ముఖ్యంగా దాని నుంచే వస్తుంది. సంగీతం, ఉరుములు, గర్జనలు మిగతావాటివి. ఇంట్లో టీవీ పలచబడి స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగాయి. ఆరు దారుల శబ్దాన్ని రెండు చిన్న స్పీకర్లలోకి కుదిస్తే మాట మీద గర్జన వచ్చి పడుతుంది. అందుకు తోడు మన వయసు. వయసుతో ముందుగా పోయేది సన్నని, పై స్థాయి శబ్దాలను వినే శక్తి. స, ష, త, క వంటి హల్లులు తెలిసేది ఆ స్థాయిలోనే. మన తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి గదా, ఆ అచ్చులు బాగా వినబడతాయి. అందుకే "వినబడుతోంది గానీ తెలియడం లేదు" అంటాం. అది పరధ్యానం కాదు.

మనవడితో కలిసి టీవీ లోపలి పట్టికలన్నీ వెతికాం. శబ్దం అన్నచోట 5.1 తీసేసి స్టీరియో పెట్టాం. 'నైట్ మోడ్' అని ఒకటుంది, అది పెద్ద శబ్దాన్ని అణచి చిన్నదాన్ని లేపుతుంది. అదీ పెట్టాం. కొన్ని టీవీల్లో 'స్పీచ్' అనో, 'క్లియర్ వాయిస్' అనో ఉంటుంది. పనిలో పనిగా బొమ్మను 'వివిడ్' నుంచి 'సినిమా'కు మార్చాం. ముఖాలకు నీలం వదిలింది. కదలికను నున్నగా చేసే మీట కూడా ఒకటుంది. దానివల్ల ఎంత ఖర్చుపెట్టి తీసిన సినిమా అయినా సీరియల్‌లాగా కనబడుతుంది. దాన్ని ఆపుకోండని టామ్ క్రూజ్ అంతటివాడు 2018లో వీడియో పెట్టి మరీ చెప్పాడు. ఆపేశాం. ఖర్చేమీ కాలేదు.

ఆవిణ్ణి చెవి డాక్టరుకూ చూపించాం. వయసుకు తగ్గ లోపమే, ఇంట్లో మాటలకు ఇబ్బంది లేదన్నారు. మీరూ ముందు ఆ పరీక్ష చేయించుకోండి. టీవీతో సరిపోని లోపమైతే మిషను పెట్టించుకోవడానికి సిగ్గుపడవద్దు. నాకు కుడి చెవికి అవసరమవుతుందని చెప్పారు. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మొన్న దసరాకు 'హనుమాన్' మళ్లీ వేశాం. నేను అక్షరాలు తీసేయించాను. కోతి మాట్లాడినప్పుడు ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "గీ ముచ్చట పోయినసారి లేదు గదా" అన్నది. నేనేమీ అనలేదు.

భోజనాల తరవాత వెనుక వరండాలో కూర్చుంటాను. మీ టీవీ రిమోటు ఫోటో చూపినా చాలు, ఏ మీట నొక్కాలో కాగితం మీద తెలుగులో రాసిస్తాను.  వినబడనివారు చెయ్యెత్తితే మళ్లీ చెబుతాను.