నొప్పిలో నున్నవాని చేవ్రాలు

పద్దులు వ్రాయువానికి వైద్యపు మాటలేల యని మీరు నవ్వుకొందురేమో! మూత్రపిండమున రాయి పుట్టినవానికి ఆ హక్కు కొంత కలదు.

నాలుగేండ్ల క్రిందట ఫిలింనగరులోని బంధువుల యింట నుండగా, నడిరేయి నా నడుమునుండి గజ్జవరకు శూల పుట్టెను. జూబిలీహిల్సులోని యొక యాసుపత్రి అత్యవసర విభాగమునకు గొనిపోయిరి. మెలికలు తిరుగుచున్న నా చేతికి కాగితము లందించిరి. ఇతరుల దస్తావేజులను అక్షరమక్షరము సరిచూచు నేను ఒక్క పంక్తియు చదువక చేవ్రాలు చేసితిని. అవి చేర్చుకొనుటకైన మామూలు కాగితములే. ఔషధపరీక్షకు సమ్మతిపత్రములై యున్నను అట్లే చేసియుందును. ఆ తలంపే నాచేత ఈ విషయమును చదివించినది.

పరీక్షలు వలదని నేననను. టామ్సులోసిన్ అను మందు మూత్రనాళమును సడలించి రాయిని దించునని వైద్యులు విరివిగా వ్రాయుచుండిరి. అమెరికాలో అత్యవసర విభాగములకు వచ్చిన 512 మందిలో కొందరకు ఆ మందును, కొందరకు దానివలెనే కనబడు వట్టి గుళికను, ఎవరికేది ముట్టినదో రోగికిగాని వైద్యునికిగాని తెలియకుండ నిచ్చిరి. 28 దినములలో రాయి పడినవారు మందు తిన్నవారిలో నూటికి 50, వట్టి గుళికవారిలో 47! 2018లో ఈ లెక్క వెలువడినది. పెద్ద రాళ్ల విషయమున వాదమింకను తెగలేదు.

అట్టి మందుకైనచో నొప్పి తగ్గువరకు ఆగి సమ్మతి నడుగవచ్చును. నొప్పిమందునే పరీక్షింపవలసినచో? మనవారెందరో పొట్టకూటికై పోయిన ఖతారులో, దోహా నగరపు ఆసుపత్రియందు 1645 మందికి మూడు మందులిచ్చి పోల్చిరి. అరగంటలో నొప్పిని సగమునకు దించుటలో డైక్లోఫెనాక్ సూదిమందు మార్ఫిన్‌ను మించినదని 2016లో ప్రకటించిరి. మేలైన ఫలితమే. కాని శూలలో నున్నవాడు “సరే” యనుటకును “అమ్మా” యనుటకును భేదమెంత? ఈ ముడి నాకు విడలేదు.

అశ్మరిని కోసి తీయు విధము చెప్పిన సుశ్రుతుడు, చికిత్స మానిన మరణము నిశ్చయము, చేసిన సంశయము గనుక, ముందుగా అధిపతి యనుమతి గొనుమనెను. నేటి చట్టమున రోగియే అధిపతి. 2019 నిబంధనల ప్రకారము చదువనేరనివానికి పత్రము వినిపించునప్పుడు పరీక్షతో సంబంధములేని సాక్షి యుండవలెను. నడుమ మానుకొన్నను చికిత్సకు లోపము రాగూడదు. 1984లో కరణీకములు పోవువరకు మా తండ్రిగారు దస్తావేజును రెండుమారులు చదివి వినిపించిన పిమ్మటనే వ్రేలిముద్ర వేయించెడివారు.

సూదిమందు పనిచేసిన పిదప నేనా కాగితములను మరల తెప్పించుకొని చదువగా నర్సమ్మ నవ్వినది. మూడవ పుటలో మన యూరిపేరు తప్పుగా నున్నది. దిద్దించితిని.