మునేటి పాత గుర్తును నమ్మవచ్చునా?

(నందిగామ ప్రాంత పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



ఇండ్ల స్థలములకు నేలను ఎంచునపుడు "మునేరు ఇంతవరకే వచ్చును" అని పెద్దలు చూపిన గుర్తును మనము ప్రమాణముగా గైకొనుచున్నాము. అయితే 2023 జులైలోను, మరల 2024 సెప్టెంబరులోను ఐతవరము వద్ద మునేటి నీరు జాతీయ రహదారిని ముంచినది. ఇది కాకతాళీయమా, లేక నది నడవడియే మారినదా? రెండు వరదలను చూచి తీర్పు చెప్పరాదు. పాత లెక్కలనే పరీక్షింపవలెను.

కీసర వద్ద కేంద్ర జల సంఘమువారు మునేటి నీటిమట్టమును కొలుచుచున్నారు. అట్టి లెక్కలలో ప్రతి సంవత్సరపు మిక్కిలి పెద్ద వరదను వరుసగా వ్రాసి, ఒక్కొక్క దానిని తరువాతి సంవత్సరములన్నింటితో పోల్చుదురు. తరువాతిది పెద్దదైన ఒకటి కూడుదురు, చిన్నదైన ఒకటి తీసివేయుదురు. ముప్పది సంవత్సరములకు ఇట్టి పోలికలు 435 వచ్చును. మొత్తము సున్నకు దగ్గరగా నున్నచో క్రమమైన మార్పు కానరానట్లే. మిక్కిలి దూరమైనచో శంకింపవలెను. దీనికి మాన్-కెండాల్ పరీక్ష యని పేరు. పది సంవత్సరముల లెక్కకు ఈ పోలికలు 45 మాత్రమే గనుక అప్పుడు దానిని అంతగా నమ్మరాదు.

మార్పు కనబడినంతనే వాన మారినదని తలపరాదు. వర్షమాపకము ప్రక్క వేపచెట్టు పెరిగినను, దానిని వేరొక చోటికి తరలించినను అంకెలు మారును. నదికి వేరు కారణములును కలవు. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదలిరి. ఎడమ కాలువ నీరు ఈ మెట్టకు చేరిన పిదప పొలముల నుండి దిగిన నీరును వాగులలో కలియుచున్నది. అంతకు ముందటి లెక్కను, తరువాతి లెక్కను కలిపి ఒకే సగటు కట్టుట తగదు.

ఏ సంవత్సరములను లెక్కకు గైకొందుమను ప్రశ్న చిన్నది కాదు. కృష్ణా జలముల పంపకమునకు బచావత్ ట్రిబ్యునల్ 78 సంవత్సరముల ప్రవాహమును చూచి, నూటికి 75 సంవత్సరములు లభించు నీరు 2,060 టి.ఎం.సి.లని 1973లో నిర్ణయించినది. 2010లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 1961-62 మొదలు 47 సంవత్సరములనే గైకొన్నది.

కావున స్థలము మంజూరు చేయుటకు ముందు, వరదమట్టము ఏ సంవత్సరముల లెక్కతో కట్టినారో, 2023, 2024 అందు చేరినవో లేదో ఇంజనీర్లను అడుగుడు. క్రొత్త సంవత్సరములనే గైకొన్నచో లెక్క పొట్టిదగును గనుక గట్టు మరికొంత ఎత్తుంచుట మేలని మా అభిప్రాయము. వరద తీసిన మరునాడే బడి గోడపై నీటి గుర్తును తేదీతో రంగు వేయించుడు. సున్నము కొట్టువారు పాత గుర్తును చెరపకుండ చూడుడు.