దిద్దుబాటు నుండి సొంత చేతికి
(అడాజను, సూరతు: ప్రసంగపాఠము)



తెలుగింట అక్షరాభ్యాసమైన బిడ్డ మొట్టమొదట చేయుపని దిద్దుట. పెద్దలు పలకపై వ్రాసియిచ్చిన ఓనమాలమీదనే బలపమును మరల మరల నడపును. దానిని దొంగతనమని యెవ్వరును అనరు. సంగీతమున సరళీవరుసలును అట్టివే. చిత్రకళకు వచ్చునప్పటికి మాత్రము, ఒకరి పటమును చూచి వేయుట తక్కువపని యను మాట వినవచ్చుచుండును. నడివయస్సున కుంచె పట్టదలచిన ఉద్యోగి యీ మాటకు జంకియే మానుకొనును. కావున ఇది విచారింపదగిన విషయము.

1628వ సంవత్సరమున రూబెన్సు అను చిత్రకారుడు రాయబార కార్యముపై మాడ్రిడు నగరమునకు పోయెను. అప్పటికాయన వయస్సు 51 సంవత్సరములు, ఐరోపాయందంతట పేరుగన్నవాడు. రాజకార్యముల నడుమ దొరికిన తీరికలో ఆయన చేసినపని, స్పెయిను రాజుగారి యొద్దనున్న టిషియను పటములను చూచి వేయుట. వానిలో ‘ఆదాము, హవ్వ’ యొకటి. టిషియను 1550 ప్రాంతమున వేసిన బైబిలు కథాచిత్రమది. నేడు మూలమును ప్రతియును రెండును ప్రాడో ప్రదర్శనశాలయందే కలవు. కూర్పు టిషియనుదే. అయినను రూబెన్సు ఆదాము కూర్చున్న తీరును మార్చి, చెట్టుపై నొక చిలుకను చేర్చెను. గురువునకు నమస్కరించుచునే శిష్యుడు తన మాట చెప్పినాడన్నమాట.

ఈ యభ్యాసము మన దేశమునకును క్రొత్త కాదు. 1600లో అబుల్ హసన్ అను మొగలు చిత్రకారుడు, తన పదమూడవ యేట, జర్మను దేశీయుడగు డ్యూరర్ 1511లో రచించిన శిలువ చిత్రమునుండి సెయింట్ జాన్ రూపమును గీసెను. ఆ బాలుడే పెద్దవాడై, జహాంగీరుచే ‘నాదిర్-ఉజ్-జమాన్’ అను బిరుదము పొందెను. 1615లో సూరతు రేవున దిగి జహాంగీరు కొలువునకు పోయిన సర్ టామస్ రో చూపిన చిన్న చిత్రమునకు, అచటి చిత్రకారులు ప్రతులు వేసిరి. వాని నడుమ తన చిత్రమును పోల్చుకొనుటకు ఆయనయే శ్రమపడెను.

ఇక పని తీరు. రఫేలు వేసిన మేరీమాత పటమొకటి యెదుట నున్నదనుకొందము. మొదట రూపురేఖలు, పిదప ఒక్క గోధుమవర్ణముతోనే వెలుగునీడలు, అది యెండిన తరువాత పలుచని రంగుపూతలు. అడుగుపూతకంటె మీదిపూతలో నూనె పాలు హెచ్చుగా నుండవలెను. మీదిది ముందుగా బిగిసి అడుగుది కదలినచో పటము పగులును. అవిసెనూనె నీటివలె ఇగిరిపోయి యెండదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. తపతీతీరమున నున్న అడాజనులో వానకాలపు తేమకు ఇది మరింత ఆలస్యమగును. తొందరపడువానికి ఈ కళ లొంగదు.

చూచి వేయువాని లాభమంతయు ప్రశ్నలలోనే యున్నది. బుగ్గమీది నీడ నల్లగా లేదే, ఎందుకు? తల్లి చూపు బిడ్డవైపు వాలుటచే పటమెల్ల నెట్లు శాంతించినది? ఈ ప్రశ్న లడుగని చేయి పదిపటములు వేసినను అచ్చుయంత్రమే యగును. అడిగిన చేతికి ఒక్క పటమే గురుకులము. పటము మతమేదైనను, అందలి వాత్సల్యము ఎల్లవారిదియు.

రెండు నియమములు మాత్రము మరువరాదు. ప్రతి క్రింద మూలకర్త పేరు వ్రాయుట మొదటిది, అది నిజాయితీ. ప్రతితోనే ఆగిపోకుండుట రెండవది. మేరీమాత ముఖమున నేర్చిన వెలుగునీడలతో, తన యింటి కిటికీకడ మనుమని నెత్తుకొని నిలిచిన అమ్మమ్మను వేసి చూడవలెను. పోలిక కుదరకపోవచ్చును, ముక్కు వంకరపోవచ్చును. అయినను, ఓనమాలు దిద్దిన బిడ్డ తన చేతితో వ్రాసిన మొదటి యుత్తరమువంటిది ఆ పటము. అందు తప్పు లెన్నియున్నను, ఇంటివారు దానిని దాచుకొందురు.