మార్కులతో పాటు మనసు కూడా
(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మార్కుల గురించి పెద్దలు చెప్పారు. నేను ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణే అయినా, ఈ పూట కథల పుస్తకాల గురించి చెబుతాను. "పరీక్షకు పనికిరాని చదువెందుకు మాస్టారూ?" అని అడిగే తల్లిదండ్రులకే ఇది ముఖ్యంగా.

డేనియల్ కీస్ అనే అమెరికా రచయిత 1959లో కథగా రాసి, 1966లో నవలగా పెంచిన పుస్తకం 'ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నాన్'. చార్లీకి 32 ఏళ్ళు. బేకరీలో పని. బుద్ధి ఎదగలేదు. తోటివాళ్ళు తనను చూసి నవ్వితే స్నేహమనుకుంటాడు. చదువుకోవాలని మాత్రం ఎంతో ఆశ. ఆల్జెర్నాన్ అనే ఎలుకకు తెలివి పెంచిన ఆపరేషన్‌నే అతనికీ చేస్తారు. నవలంతా అతను రాసుకున్న నివేదికలే. మొదట్లో అన్నీ తప్పులు. రానురాను డాక్టర్లనే మించిపోతాడు. అప్పుడు తెలుస్తుంది, ఆనాటి నవ్వులు ఎగతాళి అని. అంతలో ఎలుక తెలివి తగ్గడం మొదలవుతుంది. తరువాతిది మీరే చదవండి.

పుస్తకం మూయగానే నా క్లాసులోని ఒక వెనక బెంచీ కుర్రాడు గుర్తొచ్చాడు. ఎక్కం అప్పజెప్పలేక నిలబడితే పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. వాడూ మాతోపాటు నవ్వాడు. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. ఈ పుస్తకం నేను ఇరవై ఏళ్ళు ముందు చదివి ఉండవలసింది.

రెండోది పాట్రిక్ నెస్ రాసిన 'ఎ మాన్‌స్టర్ కాల్స్' (2011). ఆలోచన షివాన్ డౌడ్ అనే రచయిత్రిది. రాయడం పూర్తి చేయకుండానే 2007లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. తల్లి జబ్బుతో మంచం పట్టిన 13 ఏళ్ళ కోనర్ దగ్గరికి అర్ధరాత్రి దాటాక ఒక చెట్టు రాక్షసరూపంలో వస్తుంది. మూడు కథలు చెప్పి, నాలుగోది నువ్వు చెప్పాలంటుంది. ఇంటి కష్టం ఎవరికీ చెప్పుకోలేని పిల్లలకు ఇది తోడు.

ఇంగ్లీషు కష్టమనిపిస్తే, మనం స్థిరపడ్డ రాష్ట్రాల భాషలున్నాయి. తమిళం చదివేవారికి సుజాత 'ఎన్ ఇనియ ఇయందిరా' ఉంది. అందులో జీనో అనే రోబో కుక్కను మరచిపోలేరు. మరాఠీ వచ్చినవారికి ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ నవలలున్నాయి. చదివి, ఆ కథ అమ్మమ్మకు తెలుగులో చెప్పండి. మన భాషా నిలుస్తుంది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. సెలవుల్లో ఒక్క నవలైనా చదవనివ్వండి, వీలైతే మీరూ చదవండి. పిల్లలూ, ఈ ఉపకార వేతనం మీ తెలివికి వచ్చింది. మీ పక్క బెంచీలో చార్లీ ఉంటే వాణ్ణి చూసి నవ్వకండి. పక్కన కూర్చుని ఒక లెక్క నేర్పండి.