ఏది నేర్చుకోవాలి? ఏది వాడుకోవాలి?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను వెబ్ అప్లికేషన్లు తయారుచేసే పనిలో ఉన్నానని తెలిసినవారు తమ పిల్లల కోసం అడిగే ప్రశ్న ఒకటే: "రియాక్ట్ నేర్పించాలా, యాంగ్యులరా?" మన సంఘానికి వెబ్‌సైటు పెట్టాలనుకున్నాక కమిటీలోనూ ఇదే ప్రశ్న వచ్చింది.

తెర మీద మనకు కనిపించే ఫారాలు, బటన్లు, జాబితాలు తయారుచేసే పనిని ఫ్రంట్ ఎండ్ అంటారు. ఫేస్‌బుక్ 2013లో విడుదల చేసిన రియాక్ట్ ముఖ్యంగా తెర సంగతే చూస్తుంది. మిగతావి మనం ఎంచి కలుపుకోవాలి. గూగుల్ వారి యాంగ్యులర్‌లో చాలావరకు అన్నీ కలిసే వస్తాయి. నేర్చుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది కానీ, పెద్ద బృందమంతా ఒకే పద్ధతిలో రాస్తుంది. 2014లో వచ్చిన వ్యూ, హెచ్‌టీఎంఎల్ తెలిసినవారికి త్వరగా పట్టుబడుతుంది.

మూడూ మంచివే. అయితే, పదేళ్ల తరవాత మరమ్మతు ఎవరు చేస్తారో ముందే ఆలోచించాలి. గూగుల్ 2010లో యాంగ్యులర్‌జేఎస్ తెచ్చింది. 2016లో దాన్ని పూర్తిగా తిరగరాసి కొత్త యాంగ్యులర్ ఇచ్చింది. పాత కోడ్ అందులో ఉన్నదున్నట్టు నడవదు. పాతదానికి 2021 చివరితో మద్దతు ఆగిపోయింది. దాని మీద కట్టుకున్నవారికి మళ్లీ రాయించుకునే ఖర్చు మిగిలింది.

మన సైటులో ఉండేవి సభ్యుల జాబితా, ఫొటోలు, ప్రకటనలు. వీటికి మామూలు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, కాస్త జావాస్క్రిప్ట్ చాలు. ఫోన్ దించుకోవలసిన కోడ్ తక్కువ కాబట్టి, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లోనూ పేజీ త్వరగా తెరుచుకుంటుంది. దూరాన ఉన్న మాలాంటివాళ్లం అందకపోయినా, బడిలో కంప్యూటర్ చెప్పే మాస్టారే మార్పులు చేసుకోగలరు. రేపు ఉపకార వేతనాల దరఖాస్తులు ఆన్‌లైన్‌లో పెడితే, ఆ ఒక్క పేజీకి వ్యూ తెచ్చుకోవచ్చు. కమిటీకి నా సలహా ఇదే.

ఇక పిల్లల సంగతి. ఈ మూడింటికీ పునాది జావాస్క్రిప్ట్. అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా ఫీజు కట్టేముందు, వీటిలో ఏదీ లేకుండా ఒక చిన్న ఫారం సొంతంగా రాసి, అందులో తప్పుగా నింపిన గడిని పట్టుకునేలా చేయమనండి. అది వచ్చినవారికి ఏ పనిముట్టు మారినా భయం ఉండదు. ఎక్కాలు అప్పజెప్పించుకున్నాకే లెక్కలు మొదలుపెట్టిన మన గురువులకు ఈ మాట కొత్తది కాదు.